గణపతిరావు కారులో వాన

ఈ దేశంలో రైలుపట్టాలు అంత తిన్నగా ఎందుకున్నాయో తెలుసా? వాటిని భిలాయిలో గణపతిరావు ఒంటికన్నుతో చూసి పంపించాడు కాబట్టి. ఆయన ఒక్కసారి గుర్రుగా చూస్తే ఎంత మొండి ఉక్కయినా సిగ్గుపడి, నడుం సర్దుకుని తిన్నగా పడుకునేదట. ఆయన రిటైరైన మర్నాడు దుర్గ్ మీదుగా పోయే రైళ్ళన్నీ ఆగి ఆగి కూతలు వేసి ఏడ్చాయని భిలాయి శివారు కోహ్కాలో ఆయన మనవరాలు ఎవరడిగినా చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది.

కొసరు తీసేస్తే మిగిలిన అసలు సంగతి ఇది. గణపతిరావు బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో మేనమామ వెంట రాయపూర్ బండెక్కి వచ్చి, స్టీలు ప్లాంటు రైలు మిల్లులో చేరి, నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్టుతోనే ముసలివాడయ్యాడు. పట్టా చివర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, వంకరుందేమో చూడటం ఆయన పని. ఆ అలవాటు ఆయన వెంట ఇంటికీ వచ్చేసింది. గోడమీది పటాలనూ, అప్పడాల కర్రనూ, పిల్లల పాపిళ్ళనూ అలాగే చూస్తాడు. పెళ్ళిచూపుల్లో గున్నమ్మను పాట పాడమనలేదు, పేరు కూడా అడగలేదు. తల వంచుకున్న పిల్ల పాపిడి ఒంటికన్నుతో చూసి, "తిన్నగా ఉంది" అన్నాడు. సంబంధం ఖాయమైపోయింది. వంకరగా ఉన్నదాన్ని తిన్నగా ఉందని ఆయన ఏనాడూ అనలేదు. కన్నకొడుకు గీసిన జెండా బొమ్మను కూడా అనలేదు. ఆ పూట ఆ పిల్లవాడు అన్నం మానేశాడు.

అంత తిన్నని మనిషికీ ఒక పిచ్చి ఉంది. వాకిట్లో నిలబెట్టిన మీగడరంగు పాత మారుతి కారు.

ఈ ఏడు వానలు ముదిరేసరికి ఆ కారు లోపల కప్పుకి బిగించిన తెల్ల రెగ్జీను, రూఫ్ లైనింగ్ అంటారే అది, టీ ఒలికినట్టు మచ్చలు తేలి, అంచుల్లో జిగురు ఊడి, నీళ్ళు నింపిన తోలుసంచిలా కిందికి జారింది. పైనుంచి ఎక్కడో కారే నీళ్ళు ఆ సంచిలో నిలవుండేవి. బ్రేకు వేస్తే ముందుకు పరుగెత్తి గణపతిరావు మెడమీద కారేవి. బండి ఊపందుకుంటే వెనక్కి పరుగెత్తి గున్నమ్మ కొప్పులో దిగేవి. గున్నమ్మ తక్కువదా? వెనక సీట్లో గొడుగు విప్పుకుని కూర్చునేది. సుపేలా చౌరాస్తాలో ట్రాఫిక్ పోలీసు అద్దంలోంచి కారు నిండా విచ్చుకున్న గొడుగును చూసి, నోట్లో విజిలు పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.

"అద్దం దించీసి వొదిలీసుంటావు. వాన లోపలికొచ్చీసినాది. ఇదంతా నీ మతిమరుపే కాదేటి?" అని గున్నమ్మ తేల్చేసింది.

"అవును" అన్నాడు గణపతిరావు.

అంతే. పోట్లాట లేదు, అరుపు లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని ఆయన ఒప్పుకోవడానికే పంచాయితీ పెట్టాలి. అలాంటిది, చేయని తప్పు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే మనవరాలికి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. గొడుగు కింద నవ్వుకోవడంతోనే సరిపోయింది.

"ఇను" అంది గున్నమ్మ. "విశ్వకర్మ పూజనాడు నా కొప్పు తడవకండా సుపేలా బజారుకి తీసుకెళ్ళావా, సరే. నేదా, దీన్ని కబాడీ భయ్యాకి ఇచ్చీస్తాను. ఆడితో మాటాడీసినాను కూడాను."

భిలాయిలో విశ్వకర్మ పూజంటే ఇనుముకి పుట్టినరోజు. లేతు మిషను నుంచి సైకిలు దాకా అన్నిటికీ బొట్టూ దండా పడే రోజు. ఏటా ఆ మారుతి ముందు కొబ్బరికాయ కొట్టే గణపతిరావు, పాత ఇనుప సామాన్ల బండి మీద తలకిందులుగా పోతున్న తన కారునూ, చేతిలో కాయతో ఖాళీ వాకిట్లో నిలబడ్డ తననూ ఊహించుకున్నాడు.

"హథ్‌ఖోజ్‌లో సీట్లు కుట్టీవోడున్నాడు కదా, ఆడికిచ్చీ" అని గున్నమ్మే సలహా ఇచ్చింది.

"పైవోళ్ళెందుకు? నానే తీస్తాను. ఒక్కణ్ణే తీస్తాను."

ఒక్కడే తీసేవాడేమో గానీ, ఆదివారం పొద్దున్నే క్యాంప్ 2 నుంచి బంగార్రాజు ఊడిపడ్డాడు. రైలు మిల్లులో గణపతిరావు పట్టా ఈ చివర ఉంటే ఆయన ఆ చివర ఉండేవాడు. గుట్టు దాచడం తప్ప అన్ని పనులూ వచ్చినవాడు. ఆయన్ని చూడగానే గణపతిరావు మొహం పాలిపోయింది. "నీకెవరు చెప్పార్రా?" అంటే, "వొదినే ఫోన్ చేసినాది" అని చొక్కా విప్పి కొమ్మకి తగిలించాడు.

ఇంక ఇద్దరూ కలిసి మారుతికి ప్లాంటు పద్ధతిలో షట్‌డౌన్ ఇచ్చారు. ముందు బ్యాటరీ వైరు విప్పారు. స్టీరింగుకి 'కామ్ చాలూ హై', అంటే పని నడుస్తోందని, ఎర్ర అట్టముక్క వేలాడదీశారు. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని, వాకిట్లో అటెన్షన్లో నిలబడి, ఒకరి జాగ్రత్తలు ఒకరికి చెప్పుకున్నారు. బ్లాస్ట్ ఫర్నేసు నోరు తెరుస్తున్నా ఇంత హడావుడి ఉండదు. అరుగుమీద బియ్యం ఏరుతున్న గున్నమ్మ, "గుడ్డ ఊడదియ్యడానికి ఇద్దరు ఇంజినీర్లు" అంది.

ఎండకి అడ్డంపెట్టే రెక్కలు, అద్దం, లోపలి లైటు ఒక్కొక్కటే విప్పారు. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ లాగితే పొడుగ్గా పామై వచ్చింది. దాని కింద జిగురుతో అంటించిన రెగ్జీను అంచును గణపతిరావు గోరు పెట్టి మెల్లిగా, పుండు మీది పట్టీ విప్పినట్టు విప్పాడు. అంచు వదిలాక మిగిలేవి కప్పుకి అడ్డంగా విల్లులా వంగిన ఇనుప తీగలు. లైనింగుకి వెనక కుట్టిన గుడ్డ గొట్టాల్లో ఆ తీగలుంటాయి. వాటి కొనలు అటూ ఇటూ చిల్లుల్లో కూర్చుంటాయి. ఒక్కో తీగది ఒక్కో వంపు. వరస తప్పిందా, మళ్ళీ ఎక్కించడం దేవుడి తరం కూడా కాదు. అందుకే గణపతిరావు ఒక్కోదానికీ సుద్దతో గుర్తు పెడుతున్నాడు.

"అన్నా, ఇది వంకరగుంది" అన్నాడు బంగార్రాజు, ఒక తీగను ఒంటికన్నుతో చూసి.

"అది వంకరగానే ఉండాల్రా."

"నాకు మనసొప్పట్లేదన్నా. ఓపాలి తిన్నగా చేసీనా?"

"ఒరే! ముట్టుకోకు!"

అంటూ గణపతిరావు గభాల్న తల ఎత్తాడు. హెల్మెట్టు పోయి నీటిసంచికి పొడుచుకుంది. తెగిన రెగ్జీను నోరు తెరిచి, వానాకాలమంతా దాచుకున్న గోధుమరంగు నీళ్ళను, పాచిని, రెండు చచ్చిన చీమల కుటుంబాలను బంగార్రాజు ఒళ్ళో ఒక్కసారిగా కక్కింది. దాని వెంటే కప్పుకీ లైనింగుకీ మధ్య అంటించిన నారమెత్త నాని, ఉడికిన ఉప్మాలా ముద్దలు ముద్దలుగా ఊడి ఇద్దరి మీదా పడింది. గున్నమ్మ చేట పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని, "ఓలమ్మో! ఓలమ్మో!" అని నవ్వీ నవ్వీ అరుగుమీద పక్కకి ఒరిగిపోయింది.

నవ్వు తగ్గాక చూస్తే, కప్పులో నక్షత్రాలు.

నిజంగానే. బోసిగా మిగిలిన ఇనుప రేకులో పళ్ళెమంత మేర తుప్పు తినేసి, సన్నని చిల్లుల్లోంచి ఎండ మెరుస్తోంది. పక్కనే ఇంకో పళ్ళెం. దాని పక్కన ఇంకోటి. బంగార్రాజు మీసం మీద పడ్డ నారముద్దను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తుప్పు వాసన. పారెయ్" అన్నాడు గణపతిరావు, చాలా తొందరగా.

"కాదన్నా. పసుపు పచ్చగుంది. పుల్లగా..." బంగార్రాజు మళ్ళీ పీల్చాడు. కళ్ళు మూశాడు. ఆయన కడుపు గుర్రుమంది. "అన్నా, ఇది మాగాయి!"

ఇంటి చుట్టూ నీడే, కారున్న చోటే ఎండ గనక, ఏటా ఎండల్లో గున్నమ్మ ఉప్పులో ఊరిన మామిడి ముక్కలను కారు మీద మూడు గుడ్డలు పరిచి ఎండబెట్టేది. రేకు కాలిపోతూ ఉంటుంది, ముక్క బేగి ఎండుతుంది. ఆ ఉప్పుపులుపు ఊట గుడ్డలోంచి దిగి, ఏటికేడూ కొంచెం కొంచెం కారు కప్పును తినేసింది. మూడు గుడ్డలకి మూడు తుప్పు మచ్చలు. నీళ్ళు ఏ అద్దంలోంచీ రాలేదు. ఊట తొలిచిన దారినే వచ్చాయి.

గున్నమ్మ నవ్వు సగంలో ఆగింది. మొహం కందింది. కొంగు నడుముకి బిగించి, "అయితే ఏటి? ఎండ ఎక్కడుంటే అక్కడ పెడతాను. ఆకాశంలోకెళ్ళి పెట్టమంటావేటి?" అంది, ఎవరూ ఏమీ అనకుండానే.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో "లోహా! ప్లాస్టిక్! రద్దీ!" అని కేక. కబాడీవాడు బండి ఆపి, తలుపులన్నీ తెరుచుకుని కడుపు చీల్చినట్టున్న మారుతిని చూసి సంతోషించాడు. "మాజీ, గాడీ తయార్ హై?"

గణపతిరావు హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. గున్నమ్మ ఆయన మొహం చూసింది. కప్పులో మెరిసే చిల్లులు చూసింది.

"గాడీ నహీ బేచ్‌నా" అంది. బండి అమ్మేది లేదట.

"ఆప్‌నే హీ తో బులాయా థా, మాజీ!" రమ్మన్నది మీరే కదా అని వాడి గోల.

"బులాయా తో బులాయా! చాయ్ పీకే జా!"

వాడు టీ తాగి, పాడైన చీపురు కట్టలోని తీగ పట్టుకుపోయాడు.

మర్నాడు బంగార్రాజు తోడుతో కారును హథ్‌ఖోజ్ తోలుకెళ్ళి, చిల్లుల మీద రేకు అతికించి రంగు వేయించారు. లైనింగ్ ఊడదీయడం మంచిదే అయింది. లేకపోతే అతుకు వేసే వెల్డింగు నిప్పులకి అది భగ్గుమనేది. చిరిగిన పాత రెగ్జీనును గున్నమ్మ చెత్తలో వేయబోతే గణపతిరావు పరుగెత్తి లాక్కున్నాడు. కొత్తది కత్తిరించడానికి అదే కొలత మరి. దాన్ని ఉతికి, నేలమీద పరిచి, పైన నెమలిరంగు పరదా గుడ్డ వేసి గున్నమ్మే కత్తిరించింది. గదిలో తలుపేసుకుని, ఎవర్నీ రానివ్వకుండా, కుట్టుమిషను మీద తీగలు దూర్చే గొట్టాలు కుట్టింది. తప్పు ఒప్పుకోవడం ఆమెకి రాదు. మిషను తొక్కడం వచ్చు.

పూజనాడు మారుతి మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, లోపల నెమలిరంగు ఆకాశం. గణపతిరావు ముందుసీట్లో గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, కుట్టు చివరనుంచి చివరదాకా చూశాడు. ఆ కుట్టు మధ్యలో ఎడమకి వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి, మళ్ళీ కుడికి పోయింది. మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎలగుంది?" అంది గున్నమ్మ, ఎటో చూస్తూ.

"తిన్నగా ఉంది" అన్నాడు గణపతిరావు.

కొబ్బరికాయ పగిలింది. సుపేలా బజారుకి వెళ్ళేదారిలో వాన దంచి కొట్టింది. బ్రేకు వేసినా, ఊపందుకున్నా ఒక్క చుక్క లోపల పడలేదు. గున్నమ్మ ముడిచిన గొడుగును మహారాణి కత్తిలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు సంచుల మధ్య నిద్రపోయింది.

అప్పుడే మనవరాలికి బుర్రలో లైటు వెలిగింది. వంకర కుట్టును తిన్నగా ఉందన్న మనిషి, ఇంకేం దాచాడో! ముందుకి వంగి, గుసగుసగా అడిగింది. "తాతా, నీ గురించి రాస్తన్నాను, నిజం చెప్పు. మాగాయి కారును తినేస్తోందని నీకు ముందే తెలుసు కదూ?"

గణపతిరావు అద్దంలోంచి నిద్రపోతున్న గున్నమ్మను చూశాడు. ఇల్లొచ్చింది. బ్రేకు వేశాడు.

"తెల్సు. అయితే ఏటి? కారు లేపోతే నడుస్తాను. మాగాయి లేపోతే అన్నమెలగ తింటాను? రాసింది చాల్లే గానీ, దిగి గేటు తియ్యి."