తొమ్మిది పోగుల నిమిషం

వాతజ్వరం నన్ను వదిలింది గాని నా గుండెను వదల్లేదు. రెండు నెలలు కీళ్ళు వాచి మంచాన పడి లేచేసరికి, గుండె తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు గబగబా కొట్టి, ఒకటి ఎగ్గొట్టి, మళ్ళీ రెండు కొట్టేది. వాకిలి దాటితే ఆయాసం. అరవయ్యో దశకం చివరి రోజులవి. పొందూరు పక్క ఊళ్ళో మా అత్తా నేనూ నూలు వడికేవాళ్ళం, మా ఆయన మగ్గం నేసేవాడు.

శ్రీకాకుళంలో డాక్టరుగారు చిన్న తెల్లమాత్ర రాసిచ్చారు. "రోజుకొకటి. కాని వేసుకునే ముందు నాడి చూసుకోవాలి. నిమిషానికి అరవై కంటే తగ్గితే ఆ రోజు మాత్ర మానెయ్యి. లేకపోతే గుండె మరీ నెమ్మదించిపోతుంది" అన్నారు. మణికట్టు మీద నాడి ఎక్కడుంటుందో చూపించారు. నేను బుద్ధిగా తలూపాను. తీరా బస్సెక్కాక గుర్తొచ్చింది, నిమిషమంటే ఎంతో చెప్పే వస్తువు మా ఇంట్లో లేదని.

మా వీధి మొత్తానికి చేతిగడియారం ఉన్నది నూలు తీసుకెళ్ళే గుమాస్తాకే. ఆయన వచ్చేది వారానికొకసారి. నా గుండె వారానికొకసారి కొట్టుకునేది కాదు కదా. అత్త మాత్రం కంగారు పడలేదు. గుమాస్తా రాగానే రాట్నం ముందు కూర్చుని, "బాబూ, గెడియారం సూసి నిమసం అవగానే సెప్పండి" అంది. పోగు లాగడం, కదురుకి చుట్టడం, మళ్ళీ లాగడం. నిమిషానికి తొమ్మిది పోగులయ్యాయి. మళ్ళీ చూస్తే మళ్ళీ తొమ్మిదే. నలభై ఏళ్ళుగా వడికిన చెయ్యి అది. వాలుగచేప దవడతో పత్తి దువ్వే దగ్గర్నుంచీ ఆవిడ పనిలో వెంట్రుకవాసి తేడా రాదని ఊరంతా ఒప్పుకున్న మాట.

"గెడియారవైనా కీ ఇయ్యకపోతే ఆగిపోతాది గానీ నా సెయ్యి ఆగదే" అంది.

రోజూ పొద్దున్నే ఆవిడ రాట్నం తిప్పేది, నేను మణికట్టు పట్టుకుని పైకి లెక్కపెట్టేదాన్ని. తొలిరోజే నాకు అనుమానం వచ్చింది. "అత్తా, మజ్జిలో ఎగ్గొట్టిన దెబ్బని లెక్కెట్టాలా, ఒద్దా?"

"రానిదాన్ని ఎవులు లెక్కెడతారే? వొచ్చిందాన్నే ఎట్టు."

ఎనభై రెండు. డెబ్భై ఆరు. డెబ్భై. మూడు వారాలకి అరవై ఒకటికి దిగి అక్కడే నిలబడింది. ఒకరోజు అరవై, మర్నాడు అరవై ఒకటి, ఆ మర్నాడు మళ్ళీ అరవై. ఆయాసం తగ్గింది. అత్తకి ఆ మాత్ర మీద నమ్మకం కుదిరింది. "ఒక్క పూట మాత్తర తప్పితే పిల్ల మనకి దక్కదు" అని పక్కింటావిడతో అనడం నా చెవుల్తో విన్నాను.

మరి అన్నం ఎందుకు సయించడం లేదో నాకు అర్థం కాలేదు. ముద్ద నోట్లో పెడితే వాంతి వచ్చేది. పైగా పాలు పసుపు రంగులో కనబడేవి, సున్నం కొట్టిన గోడా అలాగే కనబడేది. ఓ రోజు ఊరుకోలేక, "అత్తా, నీ నూలు పసుపెక్కిపోనాదేటి?" అన్నాను. ఆవిడ నూలుకి వంక పెట్టిన మనిషి అంతకుముందు లేడు. రెండు రోజులు నాతో లెక్క తప్ప మాటల్లేవు.

మూడో రోజు గుమాస్తా వచ్చి, నూలు చుట్టిన చిలపలు విప్పి చూశాడు. "నూలు మల్లెపువ్వులాగే ఉన్నాదమ్మా. కానీ రోజూ మొదట తీసిన పోగులే సన్నగా సాగిపోయి ఉన్నాయి. మగ్గానికి ఆగవు" అని నాలుగు చిలపలు వెనక్కిచ్చేశాడు. అత్త ముఖం ఎర్రబడింది. నాకు పసుపుగా కనబడేది ఆయనకి తెల్లగా ఉంది, ఆయనకి సన్నగా కనబడేది అత్తకి సరిగానే ఉంది. ఎవరి కళ్ళు నమ్మాలో తెలియక నా బుర్ర తిరిగిపోయింది. ఆ మర్నాడు నూతి దగ్గర నిజంగానే తిరిగి పడిపోయాను. మా ఆయన మా ఇద్దర్నీ బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని గడియారం చూశారు. "నలభై నాలుగు. నాడి చూసుకోమన్నానా లేదా?"

"రోజూ చూస్తన్నామండీ. అరవైకి తగ్గనేదు" అన్నాను. తొమ్మిది పోగుల సంగతి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన అత్త వైపు తిరిగి, "ఏదమ్మా, ఉత్త చేత్తో లాగి చూపించు" అన్నారు. తొమ్మిది పోగులు లాగింది, సరిగ్గా నిమిషం. "ఇప్పుడు నువ్వు లెక్కపెట్టు" అన్నారు నాతో.

లెక్క మొదలుపెట్టాను. నా గొంతు ముప్పై దాటేసరికి అత్త చెయ్యి మెల్లబడింది. నలభై దాటాక ఆ లేని పోగు భుజం దాటి, చెవి దాటి వెనక్కి సాగింది. తొమ్మిదో పోగు దగ్గర చెయ్యి గాల్లో నిలబడిపోయింది. నేను అరవై అన్నాకే కిందికి దిగింది. డాక్టరుగారి గడియారంలో నిమిషం మీద ఇరవై సెకన్లు దాటింది.

అత్త తన చెయ్యినే చూసుకుంటూ, "నాను లాగనేదు బాబూ, అదే లాగినాది" అంది. ఆవిడ ఏడవడం అదే మొదటిసారి చూడ్డం. నాకు కోపం రావాలో, జాలి పడాలో తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి.

ఆ వాంతులూ పసుపూ మాత్ర ఒంట్లో ఎక్కువవడం వల్లేనని చెప్పి, మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని, మాత్ర సగానికి తగ్గించి పంపించారు. పాలు మళ్ళీ తెల్లబడ్డాయి. గడియారం ఎరువు తెచ్చుకోమన్నారు గాని మాకెవరిస్తారు? నా లెక్క తన చేతికి తెలియకూడదని అత్త నాకు వీపు పెట్టి కూర్చుని పోగులు లాగేది, నేను మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. తొమ్మిదో పోగు అవగానే తల తిప్పకుండా, "ఎంతే?" అనేది. ఆ ఒక్క మాటలో ఆవిడ ప్రాణమంతా ఉండేది. ఒకరోజు యాభై ఐదు వచ్చింది. ఆ వీపు చూస్తూ నిజం చెప్పలేకపోయాను. "అరవై మూడు" అన్నాను. మాత్ర మింగినట్టు నీళ్ళు తాగి, మందు పారెయ్యకూడదంటారు కదా అని వడకాల్సిన పత్తి ఏకులుంచే అరటిడొప్పలో దాచాను. అలా మూడుసార్లు చేశాను.

డొప్ప తీసేది ఆవిడేనని నాకు తట్టకపోవడం చూడండి. ఒక పొద్దున్న అరచేతిలో మూడు సగం మాత్రలు పెట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏటే ఇవి? అరవై మూడొచ్చిన రోజులవా?"

నేను తల దించుకున్నాను. ఆవిడ మాత్రలు నా చేతిలో పెట్టి, రాట్నం ముందు కూర్చుంది. ఈసారి వీపు పెట్టలేదు, ఎదురుగానే కూర్చుంది.

"ఇంకెప్పుడూ మంచి అంకె సెప్పకే. ఉన్నదే సెప్పు."

"నువ్వూ ఉన్నంతే లాగు, అత్తా" అన్నాను.

పోగు తీసింది. నేను పైకే లెక్కపెట్టాను. తొమ్మిదో పోగు కూడా ఆవిడ భుజం దాటి సాగలేదు. యాభై ఎనిమిది. ఆ రోజు మాత్ర వేసుకోలేదు.