నువ్వే రాసినవా?

మొన్న మనవరాలు తాను రాసిన కవిత చదివి వినిపిస్తే, మా అల్లుడు నవ్వుతూ ఇది ఫోను రాసిచ్చిందా అని అడిగాడు. సరదాకే అడిగాడు, కాని ఆ పిల్ల మొహం చిన్నబోవడం చూసి నాకు కోపం ఆగలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న మా కాలంలోనూ ఉండేది, కాకపోతే అప్పుడు ఫోనుకు బదులు మా అన్నయ్య ఉండేవాడు.

ఎనభైల మొదట్లో మేం కాశిబుగ్గలో ఉండేవాళ్ళం. అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి పోయేది, పదో తరగతి అయ్యాక నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని, కుట్టు లేనప్పుడు అమ్మతో మిర్చికి పోయేదాన్ని, అన్నయ్య ఒక్కడే కాలేజీలో చదివేవాడు. క్రిస్మస్ ముందు చర్చి వాళ్ళమంతా ఇంటింటికీ తిరిగి పాటలు పాడేవాళ్ళం కదా, ఒక ఏడు నేనే ఒక పాట కట్టాను. పగలంతా తొడిమలు తీసి మండుతున్న చేతులతో పసిబిడ్డను ముట్టుకోవడానికి మరియమ్మ వెనకాడిందని రాశాను.

పాటల జట్టును నడిపే చిన్నమ్మ విని, నన్ను ఎగాదిగా చూసి, "గింత మంచిగ నువ్వే రాసినవా బిడ్డా, అన్న రాసిచ్చిండా?" అన్నది. నేను నోరు తెరిచేలోపే అందరూ అన్నయ్య వైపు తిరిగారు. అన్నయ్య ఔననలేదు, కాదనలేదు, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు మీద నా అనుమానం ఇవాళ్టికీ పోలేదు. ఏనాడూ ఒక్క మిరపకాయ తుంచని మనిషికి ఆ మంట ఎట్లా తెలుస్తుందని అక్కడ ఎవరికీ తోచలేదు, ఆ పాట అన్నయ్య పాటైపోయింది.

మరుసటి ఏడు, నన్ను నమ్మాలంటే ఏం చేయాలా అని ఆలోచించి, జ్యోతి పక్కన ప్రీతి, ప్రీతి పక్కన నీతి పెట్టి, ఒక చరణంలో కావాలనే తాళం తప్పించి ఇచ్చాను. చిన్నమ్మ మొహం విప్పారింది. "ఇగో, ఇది మా పిల్ల రాసిందే, తెలుస్తనే ఉన్నది" అని దగ్గరికి తీసుకుంది, పాస్టరు అయ్యగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తియ్యగానే ఉండింది, అబద్ధమెందుకు. కాని పాట బాగుందని మెచ్చుకున్నారా, నేను నా హద్దులో ఉన్నానని మెచ్చుకున్నారా అన్న అనుమానం లోపల తొలిచేది. అయినా ఏటా అట్లాగే రాసిచ్చాను, ఏటా మెచ్చుకున్నారు. పెళ్ళయి తొర్రూరు పోయాక, ఇక్కడ నన్ను అనుమానించేవాళ్ళు లేరు కదా, ఈసారి మనసు పెట్టి రాద్దామని కూర్చుంటే, జ్యోతీ ప్రీతీ తప్ప మరో మాట రాలేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

ఇప్పుడు చర్చిలోకి కీబోర్డులూ డ్రమ్ములూ వచ్చాయి, పాట ఎవరిదని అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆ మిర్చి చేతుల పాట నాదేనని చెబితే, పిల్లలు "అట్లనా అమ్మమ్మా" అని వెంటనే నమ్మేస్తారు. వాళ్ళు నమ్మితే నాకేం ఒరుగుతుంది? నమ్మాల్సిన చిన్నమ్మ పోయింది, నిజం చెప్పాల్సిన అన్నయ్యా పోయాడు.