తుపాకికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు ఒక ఆయుధపూజ నాటి పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు అది జరిగింది. నిన్న బ్యాంకు కాపలావాడి తుపాకికి కుంకుమబొట్టు చూసి గుర్తొచ్చింది.

చేనిమీదికొచ్చే పందుల కోసం మా నాయన తుపాకి ఉంచుకున్నాడు. మిలిటరీ నుంచి సెలవుకొచ్చిన చిన్నాయన, "అన్నా, తూటా తీసి పూజకు పెట్టు" అన్నాడు.

"ఖాళీది పెడితే అమ్మవారు నగదా? ఇంత పిరికోన్ని మిలిటరీలో ఎట్ల పెట్టుకుండారప్పా!" అని నాయన ఎగతాళి చేశాడు. ట్రిగ్గరుకు కూడా బొట్టు పెట్టమని అక్కను గదిమాడు.

అక్క వేలు ఆనించగానే తుపాకి పేలింది. ఎదురుగా టెంకాయ కొడుతున్న చిన్నాయన మోకాలు పగిలిపోయింది. కుంకుమ ఒలికిందనుకుని నేను చీపురు తెచ్చాను. నాయన అదే చీపురు లాక్కుని అక్కను బాదాడు.

చిన్నాయనకు కాలూ పోయింది, ఉద్యోగమూ పోయింది. ఊరంతా అక్కనే తిట్టింది. తూటా ఉంచిన మనిషిని ఎవరూ అడగలేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్లం నాయన పుల్లప్ప, చిన్నాయన నాగన్న, అక్క ఓబులమ్మ, నేను.