మైపాడు బండ

మర్రిపాడు పక్క మెట్టపల్లెలో సముద్రం గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా వెంగయ్య దగ్గరికే వస్తారు. ముప్పై ఏళ్లపాటు ఏటా వరికోతలవగానే గొర్రెల మందను తోలుకుని తూర్పుకి పోయి, మైపాడు, కోడూరు వైపు కోత కోసిన వరి కయ్యల్లో మంద కట్టి, తొలకరికి తిరిగొచ్చిన మనిషి ఆయన. గొర్రెలు పడుకున్న కయ్యకు వేరే ఎరువు అక్కర్లేదు కాబట్టి అక్కడి రైతులు పిలిచి మరీ అన్నం పెట్టేవాళ్లు. మోకాళ్లు మొరాయించాక రెండేళ్ల కిందట మందను అమ్మేశాడు గానీ, సముద్రం మీద ఆయన పెద్దరికం మాత్రం పోలేదు.

అసలు తిరకాసంతా అక్కడే ఉంది. వెంగయ్య సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

నమ్మబుద్ధి కాదు కదూ? గొర్రెలు కాసినవాణ్ణి అడగండి, నమ్ముతాడు. కయ్యలకూ సముద్రానికీ మధ్య రెండు మైళ్లు. మందను వదిలిపోతే పక్కవాళ్ల పచ్చటి చేలో పడుతుంది. తోలుకుపోదామంటే ఉప్పునేల గడ్డి మేసి, ఉప్పునీళ్లు తాగి గొర్రెలు పారుకుంటాయి. మొదటి ఏడు జతగాడు మాల్యాద్రి ఒకరోజు పోయి చూసొచ్చి, "రేపు నువ్వు పోరా" అన్నాడు. ఆ రేపు ఒక గొర్రె ఈనింది. ఆ మర్నాడు కయ్య మారింది. అలా ఆ ఏడు అయిపోయింది. గాలి అటు తిరిగినప్పుడు హోరు మాత్రం వినిపించేది.

ఇంటికి రాగానే, కొత్తగా కాపురానికొచ్చిన ఆదిశేషమ్మ కాళ్లకు నీళ్లిచ్చి అడిగిన మొదటి మాట, "సముద్రం ఎట్టా ఉండాది?"

చూడలేదని చెప్పడానికి నామోషీ అనిపించింది. అంతవరకు ఆయన చూసిన పెద్ద నీళ్లంటే సోమశిల జలాశయమే. దానిలో మునిగిన కొండల కొసలు అక్కడక్కడా పైకి కనబడుతుంటాయి. సముద్రమైనా అంతే కదా, కాకపోతే ఇంకాస్త పెద్దది అనుకున్నాడు. "మైపాడు కాడ నీళ్ల మధ్యన ఒక నల్ల బండ ఉండాది మే. రోజూ మద్దేనం దాని మీద కూచ్చోని, నువ్విచ్చిన చెనిక్కాయల పొడి కలుపుకుని తింటా" అన్నాడు. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఆ కళ్లకోసం మరుసటి ఏడు బండ మీదికి కొంగల్ని తెచ్చాడు. ఆ పైఏడు అల వచ్చి పాదాలు తడిపింది. ఆ తర్వాత తీరిక దొరికినా అటు పోలేదు. పోయి చూస్తే తన బండ లేదని తనకే తెలిసిపోతుందని భయం.

అంతవరకైతే ముచ్చటగానే ఉండేది. "ఒక్క ఏడన్నా నన్ను తీసకపో" అని ఆదిశేషమ్మ మూడుసార్లు అడిగింది. "ఉప్పుగాలి ఆడోళ్ల ఒంటికి పడదు" అని మూడుసార్లూ కొట్టిపారేశాడు. ఆమె నమ్మి, అడగడం మానేసింది. చెప్పిన అబద్ధం ఆయన్ని ఎప్పుడూ పెద్దగా బాధించలేదు. ఆమె అడగడం మానేసిన ఆ నాలుగో ఏడు మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఈ వేసవిలో కొడుకు మాధవ్ రెండు రోజులకు కారు మాట్లాడాడు. ఆత్మకూరులో సెల్‌ఫోన్ల కొట్టు వాడిది. ఇంటిల్లిపాదీ సముద్రానికి పోవాలి. మైపాడా, కోడూరా అన్నదే తేలలేదు. మైపాడైతే గదులు దొరుకుతాయి, వేడివేడిగా చేపలు వేయించి పెడతారన్నాడు మాధవ్. కోడూరైతే ప్రశాంతంగా ఉంటుందని కోడలు రాధిక. రెండూ పక్కపక్క ఊళ్లే, అయినా మొగుడూ పెళ్లాం రెండు రోజులు వాదించుకున్నారు.

"మామా, నువ్వే చెప్పు. నీకు తెలవంది ఏముండాది?" అన్నది రాధిక, కంచంలో సంగటి పెడుతూ.

"కోడూరే" అన్నాడు వెంగయ్య టక్కున. "మైపాడులో జనం జాస్తి. అల కూడా లాక్కపోతది."

మాధవ్ సరేనన్నాడు. ఆ ముద్ద మింగేలోపే, చాటలో మిరపకాయలు తొడిమలు తీస్తున్న ఆదిశేషమ్మ తలెత్తింది. "మైపాడే పోదాం. నాకు ఆ బండ చూడాలని ఉండాది."

తొమ్మిదేళ్ల మనవరాలు గోపిక అప్పటికే తండ్రి ఫోను లాక్కుని వెతికింది. "అవ్వా, మైపాడు ఫోటోలన్నీ చూశా. బండ లేదే!"

"ఫోన్లో అంతా పడతదా? మీ తాత ముప్పై ఏండ్లు కూచ్చున్న బండ, ఏడికి పోద్ది?"

వెంగయ్య కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు.

కారు ఆత్మకూరు దాటి నెల్లూరు వైపు పోతుంటే ఆదిశేషమ్మ ఒళ్లో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో సంగటి, చెనిక్కాయల పొడి. దారిలో చేపలు తిందామని మాధవ్ ఎంత చెప్పినా డబ్బా వదల్లేదు. తల్లి ఆశ చూసి భయపడ్డాడో ఏమో, "అన్ని తుఫాన్లు వచ్చినాయి, ఆ బండ ఇంకా ఉంటదో లేదో నాయనా" అన్నాడు. నెత్తిన పాలు పోసినట్టైంది వెంగయ్యకు. ఔనని తలూపితే చాలు, ఒడ్డున పడిపోతాడు. తలూపబోయి ఆమె చేతులు చూశాడు. డబ్బా మూత ఊడకుండా రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది. తలూపకుండా కిటికీ వైపు తిరిగాడు.

మైపాడులో సరుగుడు తోపు దగ్గర కారు ఆగింది. ఎదురుగా ఇసుక దిబ్బ, దాని అవతల సముద్రం. పిల్ల పరుగెత్తింది, దాని వెనక మాధవ్, రాధిక. హోరు వినిపిస్తోంది. వెంగయ్యకు ముప్పై ఏళ్లుగా తెలిసిన హోరు.

"పా, బండ మీద కూచ్చోని తిందాం" అన్నది ఆదిశేషమ్మ.

"బండ లేదు మే."

"తుఫానుకు పోయిందా?"

"ఎప్పుడూ లేదు. నేను సముద్రం చూడలా. ఒక్క రోజు కూడా చూడలా. నువ్వడిగితే చెప్పలేక అల్లినాను."

ఆమె సరుగుడు చెట్ల వైపు తిరిగింది. "మూడుసార్లు అడిగినాను గదయ్యా నిన్ను."

"వస్తే బయటపడతదని వద్దన్నా."

తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. "మన చేని గట్టు కాడ బండ ఉండాది గదా" అన్నది. "నువ్వు పోయిన ప్రతి ఏడూ, మద్దేనం దాని మీదనే కూచ్చోని తిన్నా, తూర్పుకి తిరిగి. ఎండకి ఒళ్లు మాడిపోతన్నా ఆడనే. నువ్వూ ఆ పొద్దుకి అట్నే తింటా ఉంటావని."

వెంగయ్య ఆ వేళకి ఏ రైతు పాకలోనో నీడన నడుం వాల్చి ఉండేవాడు. చేని గట్టు మీద ఎండలో కూర్చుని, లేని బండ మీది మనిషికి తోడుగా ముద్ద మింగుతున్న ఆమె కళ్లముందు కనబడింది. తను చేసింది చిన్న తప్పు కాదని, ఆమెకున్న ఒక్క కోరికనూ తన పరువుకోసం తనే తినేశాడని అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఆదిశేషమ్మ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. చెప్పులు విడిచి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"నువ్వు ఈడనే నిలబడు. రోడ్డు దిక్కు తిరుగు. నేను పోయి చూసొచ్చి చెప్తా, ఎట్టా ఉంటదో."

ఆయన తిరిగాడు. ఆమె అడుగులు ఇసుకలో మెల్లగా దిబ్బ ఎక్కి అవతలికి పోయాయి. కాసేపటికి గోపిక తడిసిన బట్టలతో పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లాగింది. "తాతా, రా! అవ్వ నీళ్లల్లో దిగింది, చూద్దువుగానీ రా!"

"మీ అవ్వ వచ్చి చెప్పినాక వస్తా" అన్నాడు వెంగయ్య, రోడ్డు మీద నుంచి చూపు మరల్చకుండా.

ఆదిశేషమ్మ ఏమీ తొందరపడలేదు.