సినిమాలో పూలమ్మాయికి పట్టిన గతి

ఆమెను అందరూ పళ్ళ పిన్ని అంటారు. కట్టుడు పళ్ళు తయారుచేసే పనిగదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. దంతవైద్యుల దగ్గర నుంచి ఎవరిదో నోటి అచ్చు వస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చివర్లో చక్రం మీద నునుపుచేసి పంపుతుంది. ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా తెల్లటి పొడి. "పిన్నికి ఒక్క పూటలో తల నెరిసిపోయింది" అని అక్క పిల్లలు చిన్నప్పుడు ఏడిపించేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అక్కావాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల, మేడమీది గదుల్లో ఒక్కతే ఉంటుంది.

ఆ ఏడు సెలవుల్లో ఎప్పటిలాగే అక్క ఇంటికి వెళ్ళింది. కానీ అక్కడ ఎప్పటి సందడి లేదు. అక్క కూతురికి కుదిరిన పెళ్ళి ఆమధ్యే తప్పిపోయింది. అబ్బాయి ఫోన్ చేసి, ఎంత ప్రయత్నించినా మనసు కుదరడం లేదన్నాడు. అంతే. అప్పటి నుంచి ఆ ఇంట్లో పెళ్ళి అన్న మాట ఎవరి నోటా రాదు. పక్కింటివాళ్ళ శుభలేఖ వస్తే అక్క దాన్ని గబుక్కున అలమర వెనక్కి తోసేసింది.

టీవీలో సెలవుల కోసమని ఒక సినిమా వేస్తున్నారు. "పిల్లాజెల్లా కలిసి చూసేది, ఇందులో గొడవేం ఉండదు" అంటూ బావే పెట్టాడు. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే.

సినిమాలో పూలకొట్టు నడిపే అమ్మాయి ఉంది. ఎవరొచ్చినా ఓ పువ్వు ఎక్కువే ఇస్తుంది, ఎవరికి జబ్బు చేసినా పరిగెత్తుకెళ్తుంది. ఆమెను ప్రేమించిన హీరో పెద్ద ఉద్యోగం కోసం ఊరు వదలాలనుకుంటాడు. ఆ రాత్రి అతనికో కల. తను వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకి ఊరు ఎలా ఉంటుందో కనిపిస్తుంది. పూలకొట్టుకు చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఆ అమ్మాయి చింపిరి జుట్టుతో, చీకటింట్లో, మొహం మాడ్చుకుని కూర్చుంది. పిల్లలు తలుపు తడితే చెంబెడు నీళ్ళు మొహాన కొట్టింది.

"అదేం చోద్యమండీ! అంత మంచిపిల్ల అలా ఎలా అయిపోతుంది?" అంది అక్క.

బావ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఎందుకవదు? తోడు లేని బతుకు అంతే మరి. మంచితనం మాత్రం ఎన్నాళ్ళని నిలుస్తుంది?" అన్నాడు.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఆయనకు ఒక పక్క కూతురు, ఇంకో పక్క మరదలు. అక్క ఆయన్ని కళ్ళతోనే చీరేసింది. అమ్మాయి లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ మాట పిన్నికీ గుచ్చుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా గుచ్చుకునే చోటు ఒకటి మిగిలి ఉందా అని తనలో తానే ఆశ్చర్యపోయింది. అక్క లేవబోతే, "నువ్వు కూర్చో, నేను చూస్తాను" అని లోపలికి వెళ్ళింది.

అమ్మాయి మంచం అంచున కిటికీ వైపు తిరిగి కూర్చునుంది. "పిన్నీ, నన్ను ఊరడించడానికి చెప్పకు. నిజం చెప్పు. మంచి మనిషి అలా అయిపోతుందా?"

ఉత్త సినిమాలే అనబోయింది పిన్ని. నోరు రాలేదు.

"అవుతుంది. నేనయ్యాను."

అమ్మాయి గిర్రున తిరిగింది. పిన్నికి ఒకప్పుడు పెళ్ళి కుదిరిందనీ, అతను వేరే ఊరు వెళ్ళి అక్కడే ఎవరినో చేసుకున్నాడనీ ఆ పిల్లకు తెలుసు. ఆ తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు.

"పనికెళ్ళడం, వచ్చి తలుపేసుకోవడం. ఎవరైనా పలకరిస్తే ఒళ్ళు మండిపోయేది. కిందింటి పిల్లల బంతి ఒకసారి నా బాల్కనీలో పడింది. తలుపు కొట్టీ కొట్టీ వాళ్ళే విసిగి వెళ్ళిపోయారు. బంతి నా ఎదురుగానే ఉంది. లేచి ఇవ్వబుద్ధి కాలేదు."

"మరి?"

"మరేముంది, మీ నాన్న దిగాడు. రోజూ సాయంత్రం ఏదో వంక. కుళాయి కారుతోందేమో చూస్తానంటాడు. బాగున్నదాన్ని విప్పి బాగుచేశాడు, దాంతో అది నిజంగానే కారడం మొదలెట్టింది. మీ అమ్మ అయితే వచ్చి పోట్లాడేది. తల దువ్వుకోలేదని, ఇల్లు ఊడవలేదని. పొమ్మంటే, పోను ఏం చేస్తావే అని మంచం మీద అడ్డంగా పడుకునేది."

అమ్మాయి పెదవి కొంచెం కదిలింది.

"మా పనిగది యజమాని ఇంకో రకం. ఓ బోసినోటి ముసలావిణ్ణి ఏకంగా నా బల్ల దగ్గరికే తీసుకొచ్చాడు. ఆవిడ నేను కట్టిన పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని, 'ఇవి నావి కాదమ్మా, నా పళ్ళు ఇంత బుద్ధిమంతులు కాదు, ముందుది కాస్త పక్కకి తిరిగుండేది' అంది. నవ్వొచ్చేసింది నాకు. ఎన్నాళ్ళకో! ఆ పన్ను పక్కకి తిప్పి ఇచ్చాను. తర్వాత ఒకటీ అరా సంబంధాలు వచ్చాయి, మనసు పోలేదు. నాది పట్టుదలేం కాదు. పని ఉంది, మీరున్నారు, రోజులు బాగానే గడిచాయి."

పిన్ని మంచం మీద ఆ పిల్ల పక్కకి జరిగి కూర్చుంది. "ఆ పూలమ్మాయి మారిపోయిందంటే నమ్ముతాను. కానీ ఊరందరికీ అంత చేసిందే, ఒక్కళ్ళయినా వచ్చి కూర్చోలేదా? అక్క లేదా? పక్కింటావిడ లేదా? హీరో ఒక్కడు వెళ్ళిపోతే ఊరు ఊరంతా ఎటు పోయింది? అది మాత్రం నేను నమ్మను."

"ఎవరూ రానివాళ్ళు కూడా ఉంటారుగా పిన్నీ?"

పిన్ని అవునన్నట్టు తల ఊపింది. "ఉంటారు. వాళ్ళది నిజంగా చీకటే. నీది అది కాదు. కావాలంటే ఆ తలుపు తీసి చూడు."

తీస్తే ఎదురుగా బావ, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో. "దాహమేస్తుందేమోనని..." అని నసిగాడు. "నా నోటికి అడ్డూ ఆపూ లేదు తల్లీ. ఏమనుకోకు." మరదలి వైపు తిరిగి, "నువ్వు కూడా" అన్నాడు.

"మీ మాటలు పట్టించుకుంటే ఈ ఇంటికి ఎప్పుడో రావడం మానేసేదాన్ని బావా" అంది పిన్ని. అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అంతటితో అంతా చక్కబడిందని కాదు. ఆ పిల్ల చాన్నాళ్ళు చిటపటలాడుతూనే ఉంది. స్నేహితులు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. సెలవు దొరికినప్పుడల్లా పిన్ని వచ్చేది. గది తలుపు తీయకపోతే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ తలుపు ముందే నేల మీద చతికిలబడి, ఎవరి మోకాళ్ళ నొప్పి ఎక్కువో వాదించుకునేవాళ్ళు. ఒకరోజు వాదన మరీ ముదిరింది. అమ్మాయి విసురుగా తలుపు తీసి, "మనిషిని ప్రశాంతంగా ఏడవనివ్వరా మీరు?" అని కసిరింది.

"అక్కడే నిలబడి తిడతావా, కూర్చుని తిడతావా?" అంది పిన్ని.

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వచ్చి వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది.