నా చేత్తో పోసిన పెళ్ళిసారా

మలాయాలో ఇపో అనే ఊళ్ళో ఫోటోలు తీసే జపాను దొర ఇంట్లో నాను వంట చేసి బట్టలుతికేదాన్ని. నా మొగుడు రబ్బరు తోటలో జొరమొచ్చి పోయినాడు, అప్పటికి నాకు ఇరవై నిండలేదు. ఆ తర్వాత మనోళ్ళ పెళ్ళిళ్ళలో నన్ను పసుపు ముట్టుకోనిచ్చేవోళ్ళు కాదు.

ఆ దొరకి దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. నాను దీపం పెడితే నవ్వేవాడు. అలాంటోడు ఓ రోజు గోడకి చిన్న కర్రగుడి బిగించినాడు.

"ఏటి దొరా, భక్తి పుట్టిందేటి?" అన్నాను.

పెళ్ళంట. జపానులో ఉన్న పిల్ల ఈయన ఫోటో చూసి ఒప్పుకుని ఓడెక్కిందంట. ఆ గుడి ముందు ఇద్దరూ మూడు గిన్నెల్లో బియ్యపుసారా తాగితే పెళ్ళయినట్టంట. "ఆ పిల్లకి దేవుడున్నాడా?" అంటే, "తనకీ లేడు" అన్నాడు. ఓరి నాయనో! మరెందుకో ఈ తతంగం!

సారా పొయ్యడానికి ఆడమనిషి కావాలి, నువ్వే పొయ్యి అన్నాడు.

"ముండమోసినదాన్ని దొరా! నా చెయ్యి తగిలితే ఆ పిల్ల బతుకూ నాలాగే అవుతాది."

"మాకవేం లేవు," అనేసి కెమెరా తుడుచుకున్నాడు. ఒళ్ళు మండింది నాకు.

పెళ్ళికూతురు తెల్లబట్టల్లో వచ్చి కూర్చుంది. నాలాగే తెల్లబట్టలు! ఊళ్ళో ఉన్న జపాను మంగలి ముసలాయన పూజారై ఏదో కాగితం చదివినాడు. నాను పోసినాను. చెయ్యి వణికి చాప మీద ఒలికింది.

ఆనాటి నుంచి నాకు స్థిమితం లేదు. దొర ఫోటోలు తియ్యడానికి తోటలకెళ్తే సైకిలు గంట వినబడేదాకా వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగేదాన్ని. తుమ్మితే చాలు, మిరియాల కషాయం పెట్టేదాన్ని.

వానల్లో దొరకి జొరం తగిలింది, నా మొగుడికొచ్చిన జొరమే. మూడోనాటికి మనుషుల్ని పోల్చుకోవడం మానేసినాడు. నాను మూట కట్టుకుని దొరసాని కాళ్ళ మీద పడ్డాను. "నా చేతి పాపమేనమ్మా, పోతాను," అని వచ్చీరాని మలాయా భాషలో మొత్తుకున్నాను.

ఆమె నన్ను లేవదీసింది. "ఆయన నీ సంగతి పెళ్ళినాడే చెప్పినాడు. ఆ గదిలో దేవుడికి భయపడింది నువ్వొక్కదానివే. నీ చెయ్యి వణికాకే నాకు పెళ్ళయిందనిపించింది," అని తడిగుడ్డ నా చేతిలో పెట్టింది. "మాకు మొక్కడం రాదు. నువ్వు మొక్కు."

ఏడుస్తూనే ఆ గుడ్డ దొర నుదుటి మీద వేసినాను. ఏ దేవుడికి మొక్కినానో నాకే తెలీదు. సాయంత్రానికి ఆయనకి చెమట పట్టింది. కళ్ళు తెరిచి, నాకేసి చూసి, మంచినీళ్ళు పొయ్యమన్నాడు.