అక్క ఇంటికి వెళ్లిన ఎండ

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అంటారు. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. చేతులు గుడ్డ మీద ఉన్నా మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంటుంది. అందుకే ఒక్కోసారి జాకెట్టు ఎడమ చెయ్యి వెళ్లి కుడి భుజానికి అతుక్కుంటుంది. డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాక ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. మధ్యాహ్నం కాగానే పని ఆపి మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. తాను వాడుకోగా మిగిలిన కరెంటు తీగల్లోకి వెళ్లిపోతోందని మీటరు చూపిస్తుంటే, అది ఎవరింట్లో ఫ్యానై తిరుగుతోందో, ఏ పసిబిడ్డ దాని కింద ఆదమరిచి నిద్రపోతోందో అనుకుంటూ గంటలు గంటలు గడిపేసేది.

ఒకరోజు పలకలు చూడ్డానికి వచ్చిన మెకానిక్‌ను అదే అడిగింది, మిగిలిన కరెంటు ఎంత దూరం పోతుందని. అతను నవ్వి, దూరం దాకా ఎందుకు పోతుందమ్మా, పక్కింట్లో స్విచ్ వేసి ఉంటే ముందు అక్కడే ఖర్చయిపోతుందని చెప్పాడు.

పక్కిల్లు ఆమె సొంత అక్కది.

అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేక పదకొండేళ్లు. తల్లి పోయాక ఆవిడ కుట్టుమిషనును చెల్లెలు మాటమాత్రమైనా అడక్కుండా తెచ్చేసుకుంది. అడిగితే అక్క ఇచ్చేదే. నీ ఇంటిదేదీ నా గడప తొక్కకూడదని అక్క ఆనాడే తేల్చేసింది. ఆవిడ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆ గడప దాటి తన డాబా మీది ఎండ రోజూ లోపలికి వెళుతోందని తెలిసి మిషనమ్మకు కళ్లు చెమర్చాయి. ఆ వారమంతా ఆమె నేల మీద నడవలేదు. అక్క మంచం, పైన పాత ఫ్యాను, నెరిసిన జుట్టు గాలికి కదలడం, అన్నీ కుడుతూ కుడుతూనే చూసింది. అక్కకు ఇంకాస్త ఎక్కువ వెళ్లాలని మిషను మోటారు కట్టేసి కాలితో తొక్కింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. గుండీల కొట్లో చెప్పేసింది. సాయంత్రానికల్లా మాట అక్క చెవిన పడింది.

మర్నాడు ఎండెక్కగానే పక్కింట్లో మెయిన్ స్విచ్ టక్కుమని కట్టేసిన చప్పుడైంది. మళ్లీ పొద్దుగూకాకే లైటు వెలిగింది. రెండో రోజూ అంతే. మూడో రోజు వడగాలి మొదలైంది. పిట్టగోడ మీంచి తొంగి చూస్తే అక్క వరండాలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటోంది. డెబ్బై ఏళ్ల మనిషి, చెయ్యి లాగి మధ్యమధ్య ఆగిపోతోంది. ఈ వేడికి పడిపోతే ఏం గతి అని మిషనమ్మ గుండె జారిపోయింది. తన ముచ్చట అక్క ప్రాణం మీదికి వచ్చేట్టుంది.

గబగబా డాబా ఎక్కి పలకల స్విచ్ కట్టేసి, దిగి వచ్చి గోడ పక్కన నిలబడింది.

"అక్కా, నాది ఆపేశాను. ఇప్పుడు వచ్చేదంతా బయటి కరెంటే. ఫ్యాను వేసుకో."

అక్క చేతిలో అట్టముక్క ఆగింది.

"అమ్మ మిషను అడక్కుండా తెచ్చుకున్నాను. తప్పు నాదే," అంది చెల్లెలు. "ఈ కరెంటూ అడక్కుండానే వచ్చింది నీ ఇంటికి. ఇప్పుడు అడుగుతున్నా. పంపనా?"

అక్క మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, మెయిన్ స్విచ్ ఉన్న వైపు నడిచింది.

"అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా నీకు?" అంది వెనక్కి తిరక్కుండానే. "త్వరగా పైకెళ్లి వెయ్యి. ఉక్కపోస్తోంది."